పొలంలో రేకుల షెడ్డు వేయించా, అడుగు లెక్క నమ్మి బోల్తా పడబోయా

మిగ్‌జాం తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ తేదీ మా ఇంట్లో ఎవరూ మర్చిపోరు, ఎందుకంటే ఆ మధ్యాహ్నమే పొలంలో మా పాత షెడ్డు లేచిపోయింది. షెడ్డు అంటే పెద్దగా ఊహించుకోకండి, ఇరవై ఏళ్ళ కిందట నాన్న సరుగుడు కర్రలు పాతి, తాటి దూలాలు వేసి, పైన సిమెంటు రేకులు పరిచి హుక్కులతో బిగించిన కొట్టం, అంతే. గాలికి ముందు ఒక్క రేకు పగిలింది. ఆ కంతలోంచి గాలి లోపలికి దూరి మిగతావాటిని ఒక్కొక్కటే ఎత్తుకుపోయింది. ఒక ముక్క ట్రాక్టరు బానెట్ మీద పడి సొట్ట పడింది, అది పోతే పోయింది. లోపల కళ్ళం నుంచి తెచ్చిపెట్టిన ధాన్యం 70 బస్తాలు తడిశాయి. నాలుగో రోజు ఒక సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తే లోపల వేడిగా తగిలింది. పిడికిలితో బయటికి తీస్తే తెల్లగా మొలకలు.

ఈసారి ఇనుపదే వేయిద్దామని ఆ రోజే అనుకున్నాం. అనుకోవడానికి ఒక రోజు, వేయించడానికి ఆరు నెలలు పట్టింది. మధ్యలో నేను నేర్చుకున్నవి, పోగొట్టుకున్నవి రాస్తున్నా. మా ప్రాంతం బాపట్ల జిల్లాలో నల్లరేగడి నేల, సముద్రం 20 కిలోమీటర్లు. మీ నేల, మీ గాలి వేరైతే అంకెలు మారతాయి కానీ అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అవే అనుకుంటా.

మొదట సైజు. నా మనసులో 20 అడుగుల వెడల్పు, 30 పొడవు ఉండేది. కాగితం మీద గీసుకుంటే బోలెడు చోటు కనపడింది. మా బాబాయ్ వచ్చి చూసి, "కాగితం మీద ట్రాక్టరు తిరగదురా, నేల మీద గియ్యి" అన్నాడు. సరే అని డొంక పక్కన చోట్లో తాడు పట్టుకుని సున్నంతో గీత గీసి, ట్రక్కు తగిలించిన ట్రాక్టర్ని ఆ గీతల్లోకి తోలా. ట్రక్కుతో కలిపి లోపల పెడితే ఇక బస్తాలకి మిగిలింది ఒక మూల. రోటవేటరు, గొర్రు, డ్రిప్పు పైపుల చుట్టలు, ఎరువుల బస్తాలు, శనగలు ధర వచ్చేదాకా ఆపుకోవాలంటే వాటికి చోటు, మిర్చి టిక్కీలు (మిర్చి కుక్కిన బస్తాలు) కోల్డ్ స్టోరేజీకి పంపేలోపు నాలుగు రోజులు నిలవ పెట్టడానికి చోటు, ఇవన్నీ ఒక్కొక్కటిగా సున్నంతో గీసుకుంటూ పోతే 30 అడుగుల వెడల్పు, 50 పొడవు దగ్గర ఆగింది. 1,500 చదరపు అడుగులు. సున్నం ఖర్చు నలభై రూపాయలు. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన అతి తెలివైన ఖర్చు అదే.

ఎత్తు దగ్గర మాత్రం తప్పు చేశా. లోడు బండి రావాలి కదా అని చూరు దగ్గర 14 అడుగులు పెట్టించా. "అంత ఎత్తెందుకురా, గాలికి ఎదురు నిలబెట్టడానికా" అని నాన్న అంటూనే ఉన్నాడు. 12 చాలేది. ఆ రెండడుగులకి స్తంభాల ఇనుము, పక్క రేకులు కలిపి దాదాపు 18 వేలు అదనంగా పోయాయి.

ఇక రేట్ల సంగతి. మా దగ్గరి టౌన్లో వెల్డింగ్ షాపు ఆయన్ని తీసుకొచ్చి చోటు చూపించా. ఆయన అటు ఇటు నడిచి, "అడుగు 210 అన్నా, అంతా మాదే, మీరు చూస్కోక్కర్లేదు" అన్నాడు. అంటే మూడు లక్షల పదిహేను వేలు. ఇంకొకాయన 290 చెప్పాడు. హైదరాబాద్ వైపు పీఈబీ షెడ్లు, అంటే ఫ్యాక్టరీలో ముందే తయారుచేసిన ఇనుప భాగాలు తెచ్చి బిగించేవి, వేసే ఒక కంపెనీకి ఫోన్ చేస్తే, అయిదు వేల అడుగులకి తక్కువైతే మాకు గిట్టుబాటు కాదండీ, కావాలంటే అడుగు 430 పడుతుంది అన్నారు. అవతల చిలకలూరిపేట నుంచి వచ్చినాయన మాత్రం రేటు చెప్పకుండా వెళ్ళి, మూడు రోజుల తర్వాత ఒక కాగితం పంపాడు. దాని మీద పైపు సైజులు, మందాలు, కిలోలు ఉన్నాయి. నాకేం అర్థం కాలేదు. చివర మొత్తం చూస్తే ఎక్కువగా కనపడింది, పక్కన పెట్టేశా. నిజం చెప్పాలంటే 210 ఆయనకి అడ్వాన్స్ ఇవ్వడానికి డబ్బు జేబులో పెట్టుకుని కూడా ఉన్నా.

ఆ ఆదివారం మా మేనల్లుడు వచ్చాడు. సివిల్ డిప్లొమా చేసి విజయవాడలో పనిచేస్తున్నాడు. చెప్తే విని, "మామయ్యా, కిలోలు ఎంత చెప్పాడు?" అన్నాడు.

"కిలోలేంట్రా, అడుగు లెక్క."

"అడుగు లెక్కంటే వాడు ఎంత ఇనుము తగ్గిస్తే వాడికి అంత మిగులుతుంది. నీకెలా తెలుస్తుంది?"

అప్పుడు ఆ చిలకలూరిపేట కాగితం తీశాం. స్తంభాలకి నాలుగంగుళాల పైపు, 4.5 మి.మీ. మందం. అది మీటరుకి 12 కిలోల పైన తూగుతుంది. 210 ఆయనకి ఫోన్ చేసి ఏం పైపు వేస్తావన్నా అని అడిగితే మూడంగుళాలది, 3.2 అన్నాడు. అది మీటరు ఏడు కిలోలు కూడా రాదు. మొత్తం ఇనుము ఆయన లెక్కలో 2,150 కిలోలు, ఈయన లెక్కలో 3,300. ఇద్దరూ వేసేది రేకుల షెడ్డే, ఇద్దరిదీ 1,500 అడుగులే. ఒకదాంట్లో టన్నుకి పైగా ఇనుము తక్కువ. పైగా 210లో పక్క రేకులు లేవు, గచ్చు లేదు, షట్టరు లేదు, పునాది "మీ మేస్త్రీతో తీయించుకోండి". అంతా మాదే అన్నది ఎంతవరకు అంటే పైకప్పు వరకు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. కిలో లెక్కకి మాట్లాడుకుంటే మనిషి ఎక్కువ ఇనుము వేయడానికి చూస్తాడు, ఎందుకంటే అప్పుడు కిలోకి డబ్బు. అందుకని మావాడు ముందు డ్రాయింగ్ గీయించి, ఏ పైపు ఎన్ని మీటర్లో రాయించి, ఆ కిలోలకి అయిదు శాతం అటూ ఇటూ మించకూడదని మాట తీసుకుని, తర్వాతే రేటు మాట్లాడాడు. ఇనుము వచ్చిన ప్రతి బండినీ వేబ్రిడ్జి మీద నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూకం వేయించాం. చివరికి 3,350 కిలోలు తేలింది. జీఎస్టీతో కలిపి కిలో 76, కోసి అతికి నిలబెట్టినందుకు కిలోకి 18.

గాలి లెక్క విన్నాక నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మన దేశంలో ఏ ఊరికి ఎంత గాలి వస్తుందని లెక్కేసి కట్టాలో చెప్పే ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 875 మూడో భాగం. అందులో హైదరాబాదుకి సెకనుకి 44 మీటర్లు, కర్నూలుకి 39, విజయవాడ, విశాఖ, నెల్లూరులకి 50. 50 మీటర్లంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలికి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి. మన షెడ్డు పైకప్పు చూరుతో కలిపి 170 చదరపు మీటర్లు. "గుణించు మామయ్యా" అన్నాడు. పాతిక టన్నులు. వాలుని బట్టి, గోడల్ని బట్టి తగ్గుతుంది, సగమే అనుకున్నా 12 టన్నులు. నేను ఇన్నాళ్ళూ గాలి పైనుంచి నొక్కుతుందేమో అనుకున్నా, అది ఎత్తుతుంది. పైన రేకులన్నీ కలిపి ఏడున్నర క్వింటాళ్ళు, కింద ఇనుము మూడు టన్నుల పైచిలుకు. మిగతా ఎనిమిది టన్నుల్నీ నేలకి పట్టి ఉంచాల్సింది 12 స్తంభాల కింద కాంక్రీటు. అంటే గుంటకి ఆరున్నర క్వింటాళ్ళ పైన. 210 ఆయన చెప్పిన గుంట ఒకటిన్నర అడుగు చదరం, రెండున్నర అడుగుల లోతు. దాంట్లో పట్టే కాంక్రీటు నాలుగు క్వింటాళ్ళు కూడా ఉండదు. ఇరవై ఏళ్ళు నిలబడిన మా పాత షెడ్డు ఎందుకు లేచిందో, అసలు ఇరవై ఏళ్ళు ఎలా నిలబడిందో రెండూ ఒకేసారి అర్థమయ్యాయి.

మధ్యలో సెకండ్ హ్యాండ్ మోజు ఒకటి. గుంటూరు పక్కన ఒక పాత జిన్నింగ్ మిల్లు విప్పుతున్నారు, ఇనుము కిలో 45కే ఇస్తారని మా బావమరిది చెప్తే ఇద్దరం పోయాం. ట్రస్సులు, అంటే పైకప్పుని మోసే ఇనుప చట్రాలు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి, కొత్తగా ఎర్ర రంగు కూడా కొట్టారు. ఆ కొత్త రంగే అనుమానం. జేబులో ఉన్న తాళంచెవితో ఒక అతుకు దగ్గర గీకితే పెంకులు పెంకులుగా ఊడొచ్చింది. పైగా అవి 60 అడుగుల వెడల్పువి, 30కి కోసి మళ్ళీ అతికితే కూలి తడిసి మోపెడవుతుంది. బజ్జీలు తిని వెనక్కొచ్చాం.

రేకుల దగ్గర ఎక్కువ టైము పట్టింది, పట్టాలి కూడా. చీరాల దగ్గర మా పెద్దక్క వాళ్ళది సముద్రానికి మూడు కిలోమీటర్లు. వాళ్ళు మామూలు జీఐ రేకులు వేస్తే ఆరేళ్ళకే స్క్రూల చుట్టూ తుప్పు పట్టి, వేలు పెడితే దిగుతోంది. జీఐ అంటే జింకు పూత. షాపుల్లో ఎక్కువగా 120 గ్రాములది ఇస్తారు, అంటే చదరపు మీటరుకి రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింకు. దానికి బదులు అల్యూమినియం 55 శాతం, మిగతాది దాదాపు అంతా జింకు కలిపి పూసిన రేకు వస్తుంది, ఏజెడ్ 150 అని రాసి ఉంటుంది, దాని మీద రంగు. ఉప్పుగాలికి ఇది బాగా ఎక్కువ కాలం ఆగుతుంది. మాకు సముద్రం దూరమే అయినా నేను దాన్నే తీసుకున్నా. ఒక్క హెచ్చరిక, యూరియా, డీఏపీ బస్తాలు ఏ రేకుకీ ఆనించకండి, చెమ్మతో కలిస్తే ఎరువు ఏ పూతనీ వదలదు.

రంగు విషయంలో ఇంట్లో అందరూ నీలం అన్నారు, ఊళ్ళో అన్నీ నీలమే. నేను తెలుపు మీదే పట్టుబట్టా. మే నెల ఎండకి ముదురు రంగు రేకు కింద నిలబడి చూడండి, నేను ఎందుకు పట్టుబట్టానో తెలుస్తుంది.

మందం దగ్గరే అసలు మాయ. 0.50 మి.మీ. అని అందరూ చెప్తారు. కొందరు చెప్పేది పూతా రంగూ కలిపిన మందం, కొందరు చెప్పేది వట్టి ఇనుము మందం. రెండిటికీ తేడా చూడ్డానికి వెంట్రుకవాసే, కానీ రేకు మీద మనిషి నడిస్తే తెలుస్తుంది. మేము అన్నీ కలిపి 0.50 అని ఖాయం చేసుకున్నాం. మావాడు లెక్క చెప్పాడు: 1,220 మి.మీ. వెడల్పు కాయిల్ నుంచి ముడతలు కొట్టిన రేకు అయితే, ముడతలు కొట్టాక మూడున్నర అడుగుల వెడల్పు వస్తుంది, అతుకు పోను మూడడుగుల నాలుగంగుళాలు కప్పుతుంది. ఆ రేకు 0.50ది అయితే రన్నింగ్ అడుగు 1.3 కిలోలు తూగాలి. మా రేకులు ఒక్కొక్కటి పదిహేడున్నర అడుగులు, పైకప్పుకి 32. అంటే ఒక్కోటి 23 కిలోల దగ్గర ఉండాలి.

డీసీఎం వ్యానులో రేకులు వచ్చాయి. సాంపిల్ ఇచ్చిన రేకు వెనకాల కంపెనీ పేరు, మందం, పూత వివరాలు వరసగా అచ్చు వేసి ఉన్నాయి. వచ్చినవాటి వెనక ఏమీ లేదు, బూడిద రంగు తప్ప. డ్రైవరు తొందరపెడుతున్నాడు. నేను ఇంట్లోంచి మిర్చి కాటా తెప్పించా. అంత పొడుగు రేకు కాటా మీద ఎలా పెట్టాలా అని కాసేపు తల గోక్కుని, కాటా మీద పీట వేసి, పీట బరువు సున్నా చేసి, రేకుని సరిగ్గా నడిమికి పీట మీద ఆనించాం. రెండు చివరలూ వంగి ఊగుతున్నాయి కానీ నేలకి తగలట్లేదు. ఊగడం ఆగేదాకా అందరం ఊపిరి బిగబట్టి చూశాం. 19.6. ఇంకోటి పెడితే 19.5. మూడోది 19.7.

షాపుకి ఫోన్ చేస్తే ముందు "కాటా తేడా ఉంటదండీ" అన్నాడు. మిర్చి తూచే కాటా అండీ, కిలో తేడా వస్తే మాకు ప్రాణం పోతుంది అన్నా. తర్వాత "కుర్రాళ్ళు పొరపాటున వేరే లాటు ఎక్కించారేమో" అన్నాడు. పొరపాటో కాదో ఆ దేవుడికే తెలియాలి, నేను బండి దింపనివ్వలేదు. నాలుగు రోజులకి మార్చి పంపాడు, అవి 23.2 తూగాయి, వెనక అచ్చు ఉంది. బండి కిరాయి మాత్రం రెండోసారి నా నెత్తినే పడింది, ఆ గొడవ పెట్టుకునే ఓపిక లేకపోయింది. ఇంతకీ ఆ 19.6 రేకులే పైకెక్కి ఉంటే కింద నుంచి చూసి ఎవడూ కనిపెట్టలేడు.

డబ్బు గురించి కూడా చెప్పాలి. 2020లో కేంద్రం మొదలుపెట్టిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద పంట నిలవ చేసే గోదాములకి అప్పు తీసుకుంటే, నేను అడిగిన 2024లో, వడ్డీలో మూడు శాతం తగ్గింపు ఉండేది, రెండు కోట్ల దాకా అప్పుకి, ఏడేళ్ళ వరకు. బ్యాంకుకి వెళ్ళా. ట్రాక్టరు పెట్టుకునే షెడ్డు అంటే కుదరదు, పంట గోదాము అని చూపించాలి, ప్రాజెక్టు రిపోర్టు, కొటేషన్లు, ప్లాను, పొలం కాగితాలు అన్నారు. అడిగినవి తప్పేం కాదు. కానీ అప్పటికే మార్చి నెలాఖరు, వానలు పడితే రేగడిలో బండి దిగదు. మా ఆవిడ గాజులు తీసి ఇచ్చింది, బంగారం మీద అప్పు అరగంటలో వచ్చింది. తొందర లేనివాళ్ళు అది ఇంకా ఉందేమో కనుక్కోండి, ఉంటే ఆ మూడు శాతం వదులుకోవద్దు, నాకైతే ఇప్పటికీ కడుపు మంటే. పంచాయతీలో సొంత పంటకని దరఖాస్తు రాసిచ్చా. అద్దెకిచ్చే గోదామైతే అప్పట్లో భూమార్పిడి తంతు వేరే ఉండేది, అది నేను పడలేదు. కరెంటు లైను విషయం మాత్రం చూసుకోండి, నేను మొదట సున్నం గీసిన చోటికి పైనే 11 కేవీ తీగలున్నాయి, లైన్‌మ్యాన్ చెప్పాక ఇరవై అడుగులు జరిపా.

పునాది. రేగడి నేల ఎండాకాలం కాలు దిగేంత నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. పైపైన పునాది వేస్తే స్తంభాన్ని అది సంవత్సరానికి రెండుసార్లు ఆడిస్తుంది. అందుకని అయిదడుగుల లోతు తీసి, అడుగున ఇసుక గట్టిగా దిమ్మిస చేయించి, నాలుగడుగుల చదరం, అడుగు మందం కాంక్రీటు వేసి, దాని మీంచి దిమ్మె లేపాం. దిమ్మెలో నాలుగు బోల్టులు పాతి పెడితే వాటి మీద స్తంభం అడుగు పలక కూర్చోవాలి. బోల్టులు కదలకుండా ఇనుప పలకకి బెజ్జాలు వేసి పట్టి ఉంచాలని డ్రాయింగులో ఉంది. మా మేస్త్రీ "చెక్క చాలండీ, ఎన్ని చేశాం" అన్నాడు, నేను తలూపా. కాంక్రీటు పోసేటప్పుడు పార దెబ్బకి చెక్క జరిగింది. పన్నెండింట్లో మూడు దిమ్మెల మీద బోల్టులు అంగుళం పక్కకి వచ్చాయి. కాంక్రీటు గట్టిపడ్డాక తెలిసింది. పలకల బెజ్జాలు పెద్దవి చేసి, పైన మందపాటి వాషరు పలక వేసి వెల్డింగ్ చేశారు. నిలబడ్డాయి. కానీ షెడ్డులోకి వెళ్ళిన ప్రతిసారీ నా కళ్ళు ముందు ఆ మూడింటి మీదికే పోతాయి.

నిలబెట్టడం అయిదు రోజుల పని, సందడిగా జరిగిపోయింది. రేకులు ఎక్కించిన రోజు ఒక్కటి చెప్తా. స్క్రూలు దిగేటప్పుడు ఇనుప రజను పడుతుంది, సన్నగా స్ప్రింగుల్లాగా మెరుస్తూ. చూడ్డానికి ఏమీ కాదు. మా వెల్డింగ్ కుర్రాడు సాయంత్రం దిగేముందు కొబ్బరి చీపురు తీసుకుని పైకప్పంతా ఊడ్చాడు. ఏంట్రా ఇంటి వాకిలిలా ఊడుస్తున్నావు అంటే, "మంచు పడితే తెల్లారేసరికి టీ మరకల్లా తుప్పు పడుద్దండీ, ఆ మరక పూతని తినేసుద్ది" అన్నాడు. చివర ఒక మూల చీకటి పడి వదిలేశాడు. ఆ మూల ఇప్పటికీ గోధుమ రంగు చుక్కలున్నాయి. అలాగే రేకుని గ్రైండరుతో కోయనివ్వకండి, నిప్పురవ్వలకి అంచున పూత కాలిపోతుంది, కత్తెరతోనే కోయించండి. స్క్రూ కింద నల్ల రబ్బరు వాషరు ఉంటుంది, అది కొంచెం నొక్కుకుంటే చాలు, చితికి బయటికి వచ్చిందంటే ఏడాదికే కారుతుంది.

లెక్క తేలింది 7 లక్షల 96 వేలు. అంటే అడుగు 530. మొదట విన్న 210కీ దీనికీ మధ్య ఏముందో చూడండి: ఇనుము రెండు లక్షల యాభై నాలుగు వేలు, కూలి అరవై వేలు, పైకప్పు రేకులు రన్నింగ్ అడుగు 150 చొప్పున 84 వేలు, ఇవి అందరూ చెప్పేవే. ఎవరూ చెప్పనివి పునాది 95 వేలు, గచ్చు దాదాపు లక్ష, నాలుగడుగుల ఇటుక గోడ 45 వేలు, దాని పైన పక్క రేకులు 56 వేలు, షట్టరు 40 వేలు, స్క్రూలు, రిడ్జి (నడికొప్పు మీద కప్పే రేకు), నీటి కాలువ రేకులు 28 వేలు, ఇంకా రంగులు, హైడ్రా క్రేను, బండ్ల కిరాయిలు. 210 ఆయన కూడా అబద్ధం చెప్పలేదు, తన వాటా వరకే చెప్పాడు. నేను అడిగింది తప్పు ప్రశ్న. ఊళ్ళో ఇప్పుడు ఎవరు చూడ్డానికి వచ్చినా మొదట అడిగేది "అడుగు ఎంత పడింది" అనే. నేను సైజుల కాగితం తీసి చేతిలో పెడతా, సగం మంది చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుంటారు.

వాడుకలో తెలిసినవి రెండు మూడు. చలికాలం తెల్లవారుజామున రేకు లోపలి వైపు చెమట పట్టి బొట్లు పడతాయి, మిర్చి టిక్కీల మీద పడితే మచ్చలే. కింద వెండి రంగు బబుల్ షీటు ఒకటి కప్పించాల్సింది, అప్పుడు డబ్బుల్లేక ఆపా. ప్రస్తుతానికి టిక్కీల మీద పట్టా కప్పుతున్నా. కప్పు మీద గాలికి తిరిగే చక్రాలు రెండు పెట్టించా, వేడి కొంత తగ్గింది కానీ మధ్యాహ్నం లోపల పని చేసేంత చల్లదనం అయితే లేదు. మిర్చి రంగు ఆ వేడికి నిలవదు, నెలల తరబడి దాచాలంటే కోల్డ్ స్టోరేజీయే గతి. శనగలకి, ధాన్యానికి మాత్రం బాగుంది, బస్తాల కింద చెక్కలు వేసుకుంటే.

అసలు పరీక్ష 2025 అక్టోబరు 28 రాత్రి వచ్చింది, మొంథా. అది నరసాపురం వైపు తీరం దాటింది కాబట్టి మాకు తగిలింది అంచు మాత్రమే. అయినా ఆ రాత్రి ఇంట్లో పడుకుని గాలి చప్పుడు వింటూ ఆ మూడు దిమ్మెల బోల్టుల గురించే ఆలోచించా. తెల్లారి గొడుగు పట్టుకుని పోతే ఒక్క రేకు కదల్లేదు. సంతోషంగా షట్టరు ఎత్తా. లోపల పాదం మునిగేంత నీళ్ళు. పైనుంచి చుక్క పడలేదు, డొంక పొంగి షట్టరు కింద నుంచి వచ్చింది. గచ్చు డొంక కంటే తొమ్మిదంగుళాలే ఎత్తు పెట్టించా, గ్రావెల్ రెండు ట్రక్కులు మిగిలిందని అప్పుడు మురిసిపోయా కూడా. చెక్కల మీద ఉన్న విత్తనం శనగలు బతికాయి, నేల మీద పెట్టిన నాలుగు డీఏపీ బస్తాలు కరిగి గచ్చంతా జిగురు.

ఇప్పుడు షట్టరు ముందు వాలుగా గట్టు పోయించాలి. మేస్త్రీని పిలిస్తే అటు ఇటు నడిచి, "అడుగు 90 పడుద్దండీ, అంతా నాదే" అన్నాడు. ఎన్ని ట్రక్కుల గ్రావెల్, ఎన్ని బస్తాల సిమెంటు అని అడిగా. రేపు చెప్తానని వెళ్ళాడు, ఇంకా రాలేదు.